రేపటి సముద్రం

మచిలీపట్నం,
జూన్ 3.

దుర్గా,

ఉత్తరం రాయాల్సిన వంతు నీది. అయినా నేనే రాస్తున్నాను, నీతో పని పడింది.

మా రేడియో స్టేషన్‌లో సముద్రం గురించి నేను చేసే కార్యక్రమానికి ఏడాది నిండుతోంది. రోజూ పది నిమిషాలు. ఆటుపోట్లు ఎందుకొస్తాయి, చేపలు నీళ్లలో ఎలా వింటాయి లాంటి సంగతి ఒకటి చెబుతాను. చివర్లో ‘రేపటి సముద్రం’ అని మర్నాటి గాలి, అలల అంచనా ఉంటుంది. కాన్వెంటు హాస్టల్లో ఏడేళ్లు నా పక్క మంచం నీదే. ఇంటినుంచి ఫోన్ వస్తే నా బదులు నువ్వే వెళ్లి మాట్లాడేదానివి. అలాంటి నేను రేడియోలో ఎలా మాట్లాడుతున్నానని అడుగుతావు. చాలా తేలిక. గదిలో ఎవరూ ఉండరు. పద్నాలుగుసార్లు తప్పు చెప్పి, పదిహేనోసారి సరిగ్గా చెప్పి, మొదటి పద్నాలుగూ కోసేస్తాను. వినేవాళ్లకు నేను తడబడని మనిషిని.

చిక్కంతా ఆ వినేవాళ్ల దగ్గరే. మా టవరు మాట పదిహేను కిలోమీటర్లు దాటదు. పెడన చేరేసరికి గరగర. అందుకని ఎపిసోడ్లన్నీ పాడ్‌కాస్ట్‌గా కూడా పెడుతున్నాం. నిన్న చూస్తే మొత్తం రెండు వందల పన్నెండు మంది వింటున్నారు. నూట నలభై మంది హైదరాబాదులో, ముప్ఫై మంది బెంగళూరులో. వేటకు వెళ్లేవాళ్ల కోసం చేసే కార్యక్రమాన్ని సముద్రం లేని ఊళ్లలో శ్రద్ధగా వింటున్నారు. దివిసీమలో వినేది ఒక్కరు. ఆ ఒక్కరు నువ్వేనని నాకు తెలుసు.

డైరెక్టరు పూర్ణచంద్రరావు గారు రిటైరైన ఫిజిక్స్ లెక్చరరు. ఎపిసోడ్ మొదట్లో నేను తేదీ చెప్పేదాన్ని. పాడ్‌కాస్ట్‌లో అది తీసేయమన్నారు. “తేదీ చెబితే పాత సరుకైపోతుందమ్మా. విజ్ఞానం నిత్యనూతనం” అన్నారు. సరేనన్నాను. నేను సరేనంటానని ఆయనకు అలవాటైపోయింది.

కార్యక్రమం కొనసాగించాలో వద్దో ఆగస్టులో తేలుస్తారు. తీరంలో ఎవరైనా వింటున్నారని చూపించాలి. మీ ఊళ్లో ఒకరిద్దరికి వినిపించి, ఏమన్నారో రాస్తావా? మంచే రాయనక్కర్లేదు.

బిందు


చినలంకపాలెం,
నాగాయలంక దగ్గర,
జూన్ 10.

ఒసే బిందూ,

పని పడితేనే ఉత్తరమన్నమాట. బాగుంది.

ఒక్కరేంటే, ఊరంతా వింటోంది. ఇష్టముండి అనుకునేవు. నీ ఎపిసోడ్లన్నీ పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి మా అప్పారావు బాబాయికిచ్చాను. గంగమ్మ గుడి మైకు ఆయన చేతిలోనే ఉంటుంది. సాయంత్రం రెండు భక్తి పాటలు, ఆ తర్వాత నువ్వు. ఏ రోజు ఏది మోగుతుందో ఆ పెన్‌డ్రైవ్ ఇష్టం. చెవులు మూసుకుని వల బాగుచేసుకోవడం కుదరదు కాబట్టి అందరూ వింటారు.

ఏమన్నారో రాయమన్నావు. రాస్తున్నాను, ఏడవకు.

మా అమ్మ కొండమ్మ: “ఈ పిల్ల అన్నం తినదా? అంత నీరసంగా చదువుద్దేంటి?”

బంగార్రాజు మావయ్య, మా ఊళ్లో నాలుగు పడవలున్న ఒకే ఒక్క మనిషి: “తరంగోన్నతి అంటే ఏ అమ్మవారి పేరురా?”

మా నాన్న పోలయ్య: “అల మీటరున్నర అంటంది. ఎక్కణ్ణుంచి ఎక్కడికి కొలిచింది?”

నాన్న అడిగింది వెటకారం కాదే. నలభై ఏళ్లుగా వేటకి వెళ్తున్న మనిషి. అల అడుగునుంచి కొనదాకానా, మామూలు నీళ్ల మట్టం నుంచా అని ఆయన అనుమానం. నాకూ తెలీదు. మేం మోకాలెత్తు, నడుమెత్తు, నిలువెత్తు అంటాం. నువ్వూ అలా చెప్పరాదా?

ఇంకో నాలుగు రోజుల్లో వేట నిషేధం అయిపోతుంది. రెండు నెలలుగా ఒడ్డున కూర్చున్న మగాళ్లని మేం భరించలేకపోతున్నాం. పదిహేనో తారీఖు తెల్లారగట్ల పడవలన్నీ ఒక్కసారే దిగుతాయి. ఏడాది మొత్తంలో అంత మంచి వేట మళ్లీ పడదు. నాన్న ఇంజన్ని మూడుసార్లు తుడిచి నూనె పెట్టాడు, పెళ్లికొడుకుని చేసినట్టు.

దుర్గ


మచిలీపట్నం,
జూన్ 24.

దుర్గా,

మీ నాన్నగారికి జవాబు: అల అడుగు నుంచి కొన దాకా. ఏడాదిగా అలల ఎత్తు చెబుతున్నాను. ఈ ఒక్క మాట చెప్పలేదని ఆయన అడిగేదాకా నాకు తట్టలేదు. ఇకనుంచి నడుమెత్తు, నిలువెత్తు అంటాను. “ఎవరి నడుమమ్మా?” అన్నారు డైరెక్టరు గారు. ఆ ప్రశ్నలో న్యాయముంది.

ఇక్కడ ఒక విశేషం జరిగింది. చేపల శాఖలో పనిచేసే ఒకాయన మా స్టేషన్‌కు వచ్చారు. పదిహేనో తేదీన తీరమంతా పడవలు దిగితే మీ ఊరి పడవలు మాత్రం కదల్లేదట. ఎందుకని అడిగితే “రేడియో అమ్మాయి వద్దంది” అన్నారట. డైరెక్టరు గారు వెంటనే బందరు లడ్లు తెప్పించి అందరికీ పంచారు. “ఒక ఊరు ఊరంతా విన్నది” అని నివేదిక రాసి ఢిల్లీలో ఒక పోటీకి పంపుతున్నారు. అందులో పెట్టడానికి మీ ఊరివాళ్ల మాటలు కావాలట.

నాకు అర్థం కానిది ఒకటుంది. పద్నాలుగున నేను అలలు అర మీటరు దాటవని చెప్పాను. వెళ్లి రండి అని కూడా అన్నాను. మీరెందుకు ఆగారు?

బిందు


చినలంకపాలెం,
జూలై 1.

హిమబిందుకి,

ఉత్తరం అందింది. ఆ రోజు వెళ్లలేదు, అంతే. మైకు పాడైంది. మా నాన్న మాటలేవీ పంపడానికి లేవు. మీరు లడ్లు తిన్నందుకు సంతోషం.

వీరదుర్గ


గుడివాడ,
జూలై 9.

దుర్గా,

నీ ఉత్తరంలో అయిదు వాక్యాలున్నాయి. ‘ఒసే’ లేదు. రెండుసార్లు చదివి, సెలవు పెట్టి ఇంటికి వచ్చాను. వచ్చిన దగ్గరనుంచి పాత ఎపిసోడ్లన్నీ వరసగా విన్నాను.

నిన్న మధ్యాహ్నం అది దొరికింది. పోయిన నవంబరులో వాయుగుండం పట్టిన రోజుది. “రేపు అలలు మూడున్నర మీటర్లు లేస్తాయి. ఎవరూ పడవలు దించవద్దు” అంటున్నాను. చాలా స్పష్టంగా చెప్పాను. పదిహేనోసారి చెప్పింది కదా. దాని మొదట్లో తేదీ ఉండేది, పదకొండు సెకన్లు. ఇప్పుడు లేదు. మీ పెన్‌డ్రైవ్‌లో అది ఏ సాయంత్రమైనా మోగవచ్చు. జూన్ పద్నాలుగున మోగింది, అవునా?

ఆ పదకొండు సెకన్లు కోసింది నేనే. ఆయన కొయ్యమన్నారు, నేను కోశాను. ‘రేపు’ అన్న మాట ఉన్నచోట తేదీ తీసేస్తే ఏమవుతుందో ఆ రోజే నాకు తట్టింది. నోరు విప్పి చెప్పాల్సి వస్తుందని ఊరుకున్నాను.

నివేదిక ఢిల్లీ వెళ్లిపోయింది. పొద్దున మా నాన్న వీధి గుమ్మంలో నందివాడనుంచి వచ్చిన ఆయన స్నేహితుడికి చెబుతున్నారు: “మా అమ్మాయి వద్దంటే ఊరు ఊరే ఆగిపోయిందండీ! ఇంట్లో అయితే మంచినీళ్లు కావాలన్నా అడగదు.” నేను తలుపు వెనక కూర్చుని విన్నాను. బయటికి వెళ్లి అసలు సంగతి చెప్పలేదు. నీకు రాస్తున్నాను.

క్షమించు.

బిందు


చినలంకపాలెం,
జూలై 18.

బిందూ,

అయితే విను.

పద్నాలుగు సాయంత్రం పాటలయ్యాక నువ్వొచ్చావు. పడవలు దించవద్దన్నావు. అందరూ నా మొహం చూశారు. ఆకాశం తేటగా ఉంది, గాలి లేదు. “ఏమే, నీ స్నేహితురాలు తెలిసే చెప్తందా?” అన్నాడు నాన్న. నేనేమన్నానో తెలుసా? “అది తప్పు చెప్పదు నాన్నా. పరీక్షల్లో ఒక్క మార్కు పోయేది కాదు” అన్నాను. నా మాట మీద ఆగాడు. నాన్న ఆగితే ఊరు ఆగుతుంది.

పదిహేనున సముద్రం పళ్లెంలో పోసిన కొబ్బరినూనెలా ఉంది. పది గంటలకి పక్కపాలెం పడవలు చందువలు, వంజరాలు నిండా వేసుకుని తిరిగొచ్చాయి. మా వాళ్లు ఒడ్డున నిలబడి చూశారు. “ఏం పోలయ్యా, ఆ మీటర్లు ఎక్కడన్నా కనపడతన్నాయా?” అని బంగార్రాజు మావయ్య కేక. ఆడాళ్లు కూడా నవ్వారు. నాన్న నన్ను తిట్టలేదే. తిడితే బాగుండేది. అన్నం పెడితే, కూరేంటని కూడా అడక్కుండా తినేసి లేచాడు.

నీకెందుకు రాయలేదంటే, పెన్‌డ్రైవ్ ఎక్కించింది నేను. తప్పు నాదే అనుకున్నాను. నీదని తెలిశాక కొంచెం తేలికైంది, చాలా కోపమొచ్చింది.

ఇప్పుడు మైకు బాగైంది. నువ్వు మోగితే ఊరంతా పండగ. ‘అలలు ఎక్కువ’ అన్నావంటే బంగార్రాజు మావయ్య వలలు సర్దుకుంటున్నాడు. “అమ్మాయి వద్దంది, పదండ్రా, చందువలు పడతాయి” అంటాడు. నాన్న కూడా నవ్వుతున్నాడు. వాయుగుండాలు పట్టే నెలలొస్తున్నాయి. నిజంగానే వెళ్లకూడని రోజు ఒకటి వస్తుంది. ఆ రోజు నువ్వు వద్దంటావు, మా నాన్న నవ్వుకుంటూ పడవ దించుతాడు. నా భయం అదొక్కటే.

నాకు క్షమాపణలు రాయకు. ఆయనకి చెప్పు. ఆయనకి చదువు రాదు, ఉత్తరం రాసి తప్పించుకోవడం కుదరదు.

దుర్గ


మచిలీపట్నం,
ఆగస్టు 20.

దుర్గా,

నెల ఆలస్యమైంది. చెప్పుకోదగ్గ పని ఏదైనా చేశాక రాద్దామనుకున్నాను. చేసింది ఇంతే.

డైరెక్టరు గారికి సంగతంతా ఒక కాగితం మీద రాసి, ఆయన బల్లమీద పెట్టి, నా గదిలోకి వచ్చి కూర్చున్నాను. ఆయన కాగితం పట్టుకుని వచ్చారు.

“ఊరు విన్నదా?”

“విన్నదండీ.”

“విన్నది పాటించిందా?”

“పాటించిందండీ. కానీ అది నవంబరుది...”

“విజ్ఞాన ప్రసారం అంటే అదేనమ్మా. వినాలి, పాటించాలి. మిగిలింది సాంకేతికం.”

తప్పు ఒప్పుకుంటూ నేనొక ఎపిసోడ్ చేశాను. అందులో ‘నా తప్పు’ అన్నచోట ఆయన ‘అనివార్య సాంకేతిక కారణాలు’ అని మార్పించారు. తర్వాత బహుమతి వచ్చింది. శంఖం ఆకారంలో ఒక జ్ఞాపిక, ఒక శాలువా. ఇక్కడ సభ పెట్టారు. ఆయన నలభై నిమిషాలు మాట్లాడారు. మధ్యలో నన్ను లేచి నిలబడమన్నారు. లేచాను, కూర్చున్నాను. కార్యక్రమాన్ని ఇంకో ఏడాది పొడిగించారు. మీరు వేట పోగొట్టుకున్న రోజు మీద నా ఉద్యోగం నిలబడి ఉంది.

ఆయనకు చెప్పకుండా ఒకటి మొదలుపెట్టాను. ప్రతి ఎపిసోడ్‌లో తేదీ మళ్లీ పెడుతున్నాను, మొదట ఒకసారి, చివర ఒకసారి. “ఈ తేదీకి మర్నాడు దాటాక ఈ మాట నమ్మకండి” అని కూడా చేరుస్తున్నాను. నాలుగు వందల పైచిలుకు ఎపిసోడ్లలో నూట తొంభై అయ్యాయి. ఆయన ఇంకా గమనించలేదు. మా స్టేషన్‌లో కార్యక్రమాలు వినే అలవాటు ఎవరికీ లేదు.

మీ నాన్నగారికి చెప్పాలంటే మాట్లాడాలి. తర్వాత కోసేయడానికి వీల్లేదు. రోజూ ఫోన్ చేతిలోకి తీసుకుంటున్నాను, కింద పెడుతున్నాను.

బిందు


చినలంకపాలెం,
సెప్టెంబరు 21.

ఒసే బిందూ,

మొన్న పద్దెనిమిదిన నువ్వు ఫోన్ పెట్టేశాక ఇక్కడేం జరిగిందో నీకు తెలీదు. తెలుసుకోవాలని నీకున్నట్టూ లేదు. అయినా రాస్తున్నాను.

నీ పేరు ఫోన్‌లో చూడగానే మీ ఇంట్లో ఎవరికో ఏదో అయిందనుకున్నాను. జన్మలో నువ్వు చేసిన మొదటి ఫోన్ అది. “నన్ను మైకు దగ్గరకి తీసుకెళ్లు” అన్నావు. పరిగెత్తి అప్పారావు బాబాయి పాట ఆపించి, ఫోన్ని మైకుకి ఆనించాను.

నువ్వు చెప్పింది నీకు గుర్తుందో లేదో. “నేను హిమబిందుని. ఇవాళ సెప్టెంబరు పద్దెనిమిది, సాయంత్రం అయిదుంబావు. జూన్‌లో మిమ్మల్ని ఆపింది నా పాత మాట. తేదీ నేనే కోశాను. తప్పు నాది.” తర్వాత ఎంతసేపు ఊరుకున్నావంటే, మైకు పోయిందనుకుని బాబాయి దాని నెత్తిమీద కొట్టాడు. అప్పుడు మళ్లీ మొదలెట్టావు. వాయుగుండం అన్నావు. రేపు తెల్లారేసరికి అల నిలువెత్తు దాటొచ్చన్నావు. ఒడిశా వైపు తిరిగిపోనూవచ్చన్నావు. ఏదన్నది రేపటిదాకా ఎవరికీ తెలీదన్నావు. “నేనైతే వెళ్లొద్దనే అంటాను” అన్నావు.

“రావచ్చంట, పోవచ్చంట! దీనికి అంత చదువెందుకు?” అన్నాడు బంగార్రాజు మావయ్య. ఊరంతా నవ్వు. నాకు చచ్చిపోవాలనిపించింది.

నాన్న లేచొచ్చి నా చేతిలోంచి ఫోన్ తీసుకున్నాడు.

“అమ్మాయ్, మీ బందరులో గాలి ఎటేపునుంచి?”

“తె... తెలీదండీ.”

“తెలీదా?”

“కాయితంలో రాసుంది గానీ... ఉండండి, మేడెక్కి చూసొస్తాను.”

ఆ తర్వాత నలభైమంది గంగమ్మ గుడి ముందు కూర్చుని నువ్వు మెట్లెక్కడం విన్నారు. నీ చెప్పుల చప్పుడు, నీ ఆయాసం, ఏదో ఇనప తలుపు. మధ్యలో “ఎక్కడికమ్మా, రికార్డింగ్ వదిలేసి?” అని మీ సారు గొంతు. “మీరుండండి సార్” అని నీ గొంతు. నువ్వు ఒకరిని ఉండమనడం నేను ఏడేళ్లలో వినలేదే. తర్వాత ఒగరుస్తూ “ఈశాన్యం నుంచండీ. నా చున్నీ నైరుతికి ఎగురుతోంది” అన్నావు. మా అమ్మ కూడా నవ్వింది. ఈసారి నవ్వు వేరు.

నాన్న నవ్వలేదు. “ఇక్కడా ఈశాన్యమే. ఈ నెల్లో పడమర గాలి ఉండాల” అన్నాడు. ఫోన్ నాకిచ్చేసి “రేపు నేను దించను” అన్నాడు. అంతే. బంగార్రాజు మావయ్య పడవలు నాలుగు తప్ప ఊళ్లో ఒక్కటీ కదల్లేదు.

ఇంటికొచ్చాక అడిగాను, ఎందుకు నమ్మావని. “పోయినసారి అన్నీ తెలిసినట్టు చదివింది. ఈసారి పోయి చూసొచ్చింది” అన్నాడు.

మర్నాడు ఏమైందో నీకూ తెలుసు. తిరిగిపోయింది. పొద్దున ఎనిమిదిదాకా సముద్రం కాస్త గొణిగింది, అంతే. బంగార్రాజు మావయ్య సగం బుట్ట చేపలతో, నిండా మాటలతో తిరిగొచ్చాడు. “ఏం పోలయ్యా, మళ్లీనా?” అని ఒడ్డునించే అరుపు.

నాన్న తాపీగా అన్నాడు: “తిరగొచ్చని చెప్పింది కదరా. ఎందుకు తిరిగిందో అడుగుదాం.” నా వైపు తిరిగి “ఆ పిల్లకి ఫోన్ చెయ్యి” అన్నాడు.

సాయంత్రం పాటలు పెట్టకుండానే జనం వచ్చి కూర్చున్నారు. బంగార్రాజు మావయ్య కూడా వెనకాల వల చూసుకుంటున్నట్టు నిలబడ్డాడు. ఏడుసార్లు చేశాను. నువ్వు ఎత్తలేదు. సిగ్గుపడుతోందని చెప్పాను. మా నాన్న ఏమన్నాడో విను. “తప్పితే సిగ్గేంటి? మనం ఎన్నిసార్లు ఖాళీ వల్తో రాలేదు? ఒడ్డుకి రాకుండా మానేశామా?”

రెండు రోజులుగా వచ్చి కూర్చుని లేచిపోతున్నారు. ఎత్తవే.

దుర్గ


మచిలీపట్నం,
సెప్టెంబరు 26.

దుర్గా,

ఏడు కాల్స్ చూశాను. ఫోన్‌ని సొరుగులో పెట్టి తాళం వేశాను. తిట్టడానికే చేస్తున్నారనుకున్నాను. పద్దెనిమిదిన మాట్లాడిన ధైర్యమంతా పంతొమ్మిది పొద్దున ఎండ చూడగానే పోయింది.

పద్దెనిమిది సంగతి డైరెక్టరు గారికి నోటితోనే చెప్పాను. ఆయన శ్రద్ధగా విన్నారు. “ఇది నివేదికలో వద్దమ్మా. ఊరు ఆగింది, వాయుగుండం రాలేదు. చదివేవాళ్లు ఏమనుకుంటారు?” అన్నారు. జూన్ పదిహేను మాత్రం ఆయన గదిలో ఫ్రేము కట్టి ఉంది.

అది ఎందుకు తిరిగిందో నాలుగు రోజులుగా చదువుతున్నాను. పైనెక్కడో వీచే గాలులు దాన్ని ఉత్తరానికి తోశాయి. అది ఒకటి. ఒడ్డు దగ్గరకు వచ్చేసరికి పొడిగాలి చేరి దాని బలం తగ్గింది. అది రెండోది. ఈ రెండూ కలిపినా అంత తొందరగా తిరగడం తేలడం లేదు. ఇంకేదో ఉండాలి. దాని సంగతి నేను చదివినవాటిలో ఎక్కడా లేదు. “తెలియదు” అని చెప్పాల్సింది మీ నాన్నగారికి అక్కడే. బంగార్రాజు గారు ఏమంటారో ఊహించగలను.

ఇదంతా పద్ధతిగా రెండు పేజీలు రాసుకున్నాను. చదివితే మళ్లీ అన్నం తినని పిల్లలా ఉంటానని పక్కన పెట్టేశాను.

సొరుగు తాళం తీశాను. ఇప్పుడు నాలుగున్నర. ఈ ఉత్తరం డబ్బాలో వేసి, ఫోన్ తీసుకుని మేడెక్కుతాను. అక్కడినుంచే చేస్తాను. ఆయన ఏదైనా అడిగితే, చూసి చెప్పడానికి వీలుగా ఉంటుంది.

బిందు